చెస్ సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగిన పేరెంట్స్‌కి

పేరెంట్స్ అందరికీ నమస్తే. మొన్న మీటింగ్ అయ్యాక నలుగురైదుగురు ఆగి ఒకటే అడిగారు, మా వాడు చెస్ బాగా ఆడుతున్నాడు కదా సార్, చెస్‌బేస్ అనే సాఫ్ట్‌వేర్ కొనమంటారా అని. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇప్పుడే కొనొద్దండి. చెస్‌బేస్ మంచిది కాదని కాదు, జర్మనీలో హాంబర్గ్ కంపెనీ వాళ్ళది, 1980ల నుంచి ఉంది, వాళ్ళ మెగా డేటాబేస్‌లో కోటికి పైగా గేములు ఉంటాయి, వాటిలో కొన్నిటికి పెద్ద ప్లేయర్లు రాసిన నోట్స్ కూడా ఉంటాయి. ఆ నోట్స్ ఫ్రీగా దొరకవు, ఒప్పుకోవాలి. కానీ అది విండోస్‌లోనే నడుస్తుంది, ఖర్చు వేలల్లో ఉంటుంది, మన పిల్లలకి ఇప్పుడు కావాల్సింది అది కాదు.

మన ల్యాబ్‌లో వాడేది ఎస్‌సీఐడీ, స్కిడ్ అంటాం, గేములు దాచుకుని వెతికి చూసుకునే ప్రోగ్రామే ఇదీ. పూర్తిగా ఫ్రీ, విండోస్ లైనక్స్ దేన్లో అయినా ఆడుతుంది, పాత కంప్యూటర్ చాలు. గేములు మాత్రం మనమే వేసుకోవాలి, ద వీక్ ఇన్ చెస్ అనే వెబ్‌సైట్‌లో మార్క్ క్రౌథర్ అనే ఆయన 1994 నుంచి వారం వారం టోర్నమెంట్ గేములు ఫ్రీగా పెడుతున్నారు, అవి దించుకుంటే సరిపోతుంది. ఇంజన్ అంటే మంచి ఎత్తు ఏదో లెక్కేసి చెప్పే ప్రోగ్రామ్, స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ కూడా ఫ్రీయే, డబ్బు పెట్టి వేరే ఇంజన్ కొనడం మన పిల్లలకి అక్కర్లేదు.

పోయిన శనివారం ఏడో క్లాస్ పాప తను ఆడిన టోర్నమెంట్ గేము స్కిడ్‌లో ఎక్కిస్తోంది. తొమ్మిదో ఎత్తు దగ్గర ఆగిపోయింది. ఎత్తులు రాసుకునే స్కోర్ షీట్‌లో గుర్రం డి2 అని, అంటే డి2 గడికి వెళ్ళిందని రాసుకుంది, బి1 గుర్రం వెళ్ళగలదు, ఎఫ్3 గుర్రమూ వెళ్ళగలదు, ఏది కదిపిందో తనకే గుర్తులేదు. తర్వాతి ఎత్తులు చూసుకుంటూ బి1దే అని తనే తేల్చింది. అప్పుడు ట్రీ విండో తెరిస్తే అదే పొజిషన్‌లో మిగతావాళ్ళు ఏం ఆడారో, ఎంత శాతం గెలిచారో కనబడింది. ఇంజన్ ఆన్ చెయ్యనివ్వలేదు, ముందు నువ్వు ఆలోచించు అన్నా. ఇరవై నిమిషాలు కదల్లేదండి ఆ పిల్ల, నాకు చాలా సంతోషమేసింది.

ఇంకో సంగతి, మనవాళ్ళ గేములు వెతికేటప్పుడు పేరు రెండు రకాలుగా కొట్టి చూడమనండి. ఫిడే, అంటే ప్రపంచ చెస్ సమాఖ్య, లిస్టులో హంపిని కోనేరు దగ్గర పెడతారు, హారికని మాత్రం ద్రోణవల్లి దగ్గర కాదు, హారిక దగ్గరే. ఇంటిపేరు ఏదో బయటివాళ్ళకి తెలీక వచ్చే తిప్పలు ఇవి.

పిల్లలు ఎక్కించినవన్నీ పీజీఎన్ ఫైల్‌గా, అంటే చెస్ ప్రోగ్రామ్‌లన్నీ చదవగలిగే మామూలు ఫైల్‌గా దాయిస్తున్నాం. రేపు ఎవరైనా రేటింగ్ పెరిగి, కోచ్ చెప్పి చెస్‌బేస్ కొన్నా ఆ ఫైలు అందులోనూ తెరుచుకుంటుంది, చేసిన పని పోదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన దొంగ కాపీ మాత్రం దయచేసి ఇంట్లో పెట్టొద్దు, పిల్లల ముందు అది అస్సలు బాగోదు.

ఇంట్లో స్కిడ్ ఎక్కించుకోవడం రాకపోతే శనివారం ఆఖరి పీరియడ్‌కి లాప్‌టాప్ పట్టుకుని రండి, నేనూ పీఈటీ సారూ ల్యాబ్‌లోనే ఉంటాం. వచ్చేటప్పుడు పాత స్కోర్ షీట్లు కూడా తీసుకురండి, నలిగిపోయినవైనా సరే, ఓడిపోయిన గేములవైతే ముందు అవే కావాలి.