చెరువు చేపను సముద్రం ఖాతాలో రాస్తే ఎలా?

సంపాదకులకు,

దేశాలవారీగా సముద్ర చేపల పట్టిక వేసి, పక్కన తగ్గితే ఎర్ర బాణాలు, పెరిగితే పచ్చ బాణాలు గీశారు మొన్నటి ఆదివారం సంచికలో. సవరణ పడుతుందేమోనని చూశాను. పడలేదు కాబట్టి రాస్తున్నాను.

ముందుగా, సముద్రంలో పట్టినదాన్నీ చెరువుల్లో పెంచినదాన్నీ ఒకే గాటన కట్టేశారు. అలా కలిపితే పచ్చ బాణం రాక ఏమొస్తుంది? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల్లో సముద్ర వేట 1996లో 8.6 కోట్ల టన్నులకు చేరింది. అక్కణ్నుంచి 8 కోట్ల దగ్గరే ఊగిసలాడుతోంది, 2022లో 7.97 కోట్లు. పెరిగిందల్లా పెంపకం. అదే 2022లో అది మొదటిసారి సముద్రం, నదులు అన్నీ కలిపిన మొత్తం వేటను దాటింది కూడా. ఈమాత్రం విడదీయడానికి ఆర్థికవేత్తే కావాలా?

పెరూకి ఎర్ర బాణం. ఏ ఏడాదితో పోల్చి? 1970లో ఒక్క నెత్తళ్ల జాతి చేపే 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టిన దేశం అది. మితిమీరిన వేటకు ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కడం) తోడై, మూడేళ్లు తిరిగేసరికి అందులో నాలుగో వంతు కూడా దక్కలేదు. 2023లో మళ్లీ ఎల్ నినో వచ్చి వలల్లో పిల్ల చేపలే ఎక్కువ పడుతుంటే, ప్రధాన తీరంలో మొదటి సీజన్ వేటనే రద్దు చేశారు. బుద్ధొచ్చి వేట ఆపినా మీ పట్టికలో వెనకబాటే! జపాన్ సంగతీ అంతే. 1980లలో కోటి టన్నులు దాటిన వేట ఇప్పుడు మూడో వంతు కంటే కిందికి పడిపోయింది. సార్డీన్ చేప కనుమరుగవడం, ఇతర దేశాలు తమ తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా హద్దులు గీసుకోవడం... కారణాలకు మీ దగ్గర ఒక్క వాక్యానికీ చోటు లేదు.

అసలు ఈ అంకెలు ఎవరు రాస్తారో ఆలోచించారా? చైనా చాలాకాలం తన సముద్ర వేటను ఉన్నదానికంటే ఎక్కువ చూపించిందని 2001లో వాట్సన్, పౌలీ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. ఉత్పత్తి పెంచాల్సినవాళ్లే లెక్క కూడా రాస్తే తగ్గిందని ఏ అధికారి రాస్తాడు? తర్వాత చైనాయే 2006 అంకెల్ని కిందికి దించుకుంది. కెనడాలోనూ కాడ్ అనే చేప నిల్వల్ని అధికారులు ఏళ్ల తరబడి ఎక్కువగా అంచనా వేశారు. చివరికి 1992లో వేట నిషేధిస్తే 30 వేల మందికి పైగా ఉపాధి పోయింది. తప్పుడు అంచనాలు వేసినవాళ్ల పింఛన్లు మాత్రం ఎక్కడా ఆగినట్టు లేవు. ఏ దేశమైనా ఆఫీసుల తీరు ఇంతే.

క్రికెట్ స్కోరు ఓవర్లు లేకుండా వేయరు మీరు. టన్నులకు మాత్రం ఏ ఏటితో పోల్చారో అక్కర్లేదు! ప్రపంచంలోని సముద్ర చేపల నిల్వల్లో అదుపు మీరి వేటాడుతున్నవి 1974లో 10 శాతం, 2021లో 37.7 శాతం. ఆ వరుస ఒక్కటి చేర్చినా మీ పచ్చ బాణాల్లో సగం నిలవవు. వేటనూ పెంపకాన్నీ విడదీసి, పోల్చిన ఏడాది రాసి, ఆ పట్టిక మళ్లీ వేయండి. బాణాలు లేకపోయినా ఫరవాలేదు.

– ఒక పాత చందాదారు