ఆ దరఖాస్తులో ఒక్క గడి చేర్చండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ క్రీడాశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను గోదావరి జిల్లా ఆడపడుచుని. పెళ్లికి ముందు 800 మీటర్లు పరిగెత్తేదాన్ని. ఇప్పుడు మావారి ఉద్యోగం వల్ల చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో ఉంటున్నాం. ఇక్కడ నేను కళ్లారా చూసినదీ, ఒక క్రీడాకారిణి గురించి తెలుసుకున్నదీ మీకు చెప్పి, తల్లులైన ఆటగత్తెల ఎంపిక దరఖాస్తు గురించి ఒక మాట అడగాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మెట్రోలో నాద్రాజీ హొలెషోవిత్సె స్టేషన్‌లో దిగి 112 నంబరు బస్సెక్కితే ట్రోయా వస్తుంది. జూ కూడా అక్కడే. మా పాపకి ఏనుగుల్ని చూపిద్దామని ఒక శనివారం వెళ్లాం. దగ్గర్లోనే వల్తావా నదికి ఆనకట్ట పక్కన ఒక కాలవ ఉంది. నీళ్లు నురగలు కక్కుకుంటూ పరుగెత్తుతున్నాయి, పైన తీగలకి చారల కర్రలు జంటలుగా వేలాడుతున్నాయి. ఆ కర్రల మధ్య నుంచి పడవ నడపడమే స్లాలమ్ ఆట. ఒడ్డున ఒకావిడ భుజం మీద చంటిబిడ్డ. బిడ్డ మూతి తుడిచి, పక్కనున్నాయన చేతికిచ్చి, హెల్మెట్ పెట్టుకుని పడవలో కూర్చుంది. నడుం చుట్టూ ఉన్న రబ్బరు కవరుని పడవ అంచుకి బిగించుకుని నీళ్లలోకి జారిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి, తడిచేతులు తుడుచుకుని మళ్లీ బిడ్డనెత్తుకుంది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ వింతగా చూడలేదు. నేను మాత్రం ఏనుగుల సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

ఆ రాత్రే ఇదే స్లాలమ్ ఆడిన ష్టెపాన్కా హిల్గెర్తోవా గురించి చదివాను. 1968లో ప్రాగ్‌లోనే పుట్టింది. 20 ఏళ్లు నిండకముందే తల్లయింది. మన దగ్గరైతే ఆ అమ్మాయి ఆట గురించి ఆ తర్వాత ఎవరూ మాట కూడా ఎత్తరు. ఆమె అసలు ఆటంతా ఆ తర్వాతే మొదలైంది.

1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌కి చెకొస్లొవేకియా తరఫున వెళ్లింది, పతకం రాలేదు. మరుసటి ఏడాదే ఆ దేశం రెండుగా విడిపోయింది. కోటిమంది జనాభా ఉన్న కొత్త దేశం తరఫున 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కి వెళ్లింది. ఆ పోటీ జరిగింది టెనెసీ రాష్ట్రంలో ఓకోయీ నది మీద. ఒక్కొక్కరూ పడవతో రెండుసార్లు దిగాలి, అందులో మంచిదే లెక్క. పట్టిన సెకన్లకి తప్పుల సెకన్లు కలిపితే వచ్చేదే ఆ లెక్క, ఎంత తక్కువైతే అంత మేలు. హిల్గెర్తోవా లెక్క 169.49. అమెరికా తరఫున దిగిన డానా చ్లాడెక్ లెక్క కూడా సరిగ్గా 169.49! చ్లాడెక్ కూడా చెకొస్లొవేకియాలో పుట్టినావిడే. తేడా తేల్చడానికి ఇద్దరూ దిగిన మిగతా ఒక్కసారి లెక్కా చూడాల్సి వచ్చింది. అందులో మెరుగ్గా ఉన్న హిల్గెర్తోవాకి బంగారు పతకం దక్కింది. అప్పటికి ఆమె వయసు 28, ఇంట్లో బడికెళ్లే కొడుకు.

ఆ తర్వాత సిడ్నీ, 2000. ఆ ఒలింపిక్స్ మన తెలుగువాళ్లకి వేరే కారణంతో గుర్తు. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి కంచు పతకం గెలిచింది అక్కడే. భారత మహిళకి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి పతకం అది. సరిగ్గా అదే వారంలో, అదే నగరంలో హిల్గెర్తోవా రెండో బంగారు పతకం తీసుకుంది, 32 ఏళ్ల వయసులో. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరం మల్లీశ్వరి కోసం టీవీకి అతుక్కుపోయాం. ఈవిడ పేరు కూడా వినలేదు.

1999లో ప్రపంచ చాంపియన్, మళ్లీ 2003లో, 35 ఏళ్లప్పుడు. మొత్తం ఆరు ఒలింపిక్స్. చివరిది 2012 లండన్, అప్పటికి 44 ఏళ్లు. అట్లాంటాలో ఆమె వెనక మూడో స్థానంలో నిలిచింది ఫ్రాన్స్‌కి చెందిన మిరియం జెరుసల్మి. లండన్‌లో ఆ మిరియం కూతురు జెస్సికా ఫాక్స్, 18 ఏళ్ల పిల్ల, ఆస్ట్రేలియా తరఫున వెండి పతకం గెలిచింది. తల్లితో పోటీపడిన మనిషి పదహారేళ్ల తర్వాత కూతురితోనూ పోటీపడింది. హిల్గెర్తోవా కొడుకు లుబోష్ కూడా పెద్దయ్యాక ఇదే ఆటలో చెక్ జట్టుకి ఆడాడు. ఆ ఇంట్లో బిడ్డ ఆటకి అడ్డం కాలేదు సార్. బిడ్డే ఆటలోకొచ్చాడు.

ఈ ఆటలో ఆకుపచ్చ కర్రలున్న గేట్లని నీటివాలులో దాటాలి, ఎర్రకర్రలవి ఏటికి ఎదురీది దాటాలి. ఇప్పటి నిబంధన ప్రకారం కర్రకి తెడ్డు తగిలినా, ఒళ్లు తగిలినా 2 సెకన్లు కలుపుతారు. గేటు వదిలేస్తే ఏకంగా 50. కండబలం ఒక్కటే ఉంటే చాలదు, నీళ్లు ఎక్కడ వెనక్కి తిరుగుతున్నాయో చదవగలగాలి. అది ఏళ్ల తరబడి నానితేనే వస్తుంది. 800 మీటర్ల పరుగుకి ఇదంతా అలాగే వర్తిస్తుందని నేననను. మా ఆటలో వయసు త్వరగానే తెలుస్తుంది. కానీ 24 ఏళ్లకే తెలియదు.

నా సంగతి చెప్తాను. నాకు పాప పుట్టింది 24 ఏళ్లకి. ఎనిమిదో నెల వచ్చాక పాపని అమ్మ దగ్గర వదిలి మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. నాలుగు నెలలకి ఊపిరి అందింది, కాళ్లు మాట విన్నాయి. ఒక శిక్షణ శిబిరానికి ఎంపికలు జరుగుతుంటే దరఖాస్తు తెచ్చుకున్నాను. పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు రాశాను. తర్వాతి గడి: ‘గత 12 నెలల్లో అత్యుత్తమ టైమింగ్’. ఆ పన్నెండు నెలల్లో మొదటి ఎనిమిదీ బాలింతగానే గడిచాయి, ఒక్క మీట్‌లో కూడా దిగలేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ గడి వైపే చూశాను. ఖాళీగా వదిలి ఇస్తే అక్కడున్న కోచ్‌గారు చూసి, “ఇంకెందుకమ్మా, హాయిగా పాపని చూసుకో” అన్నారు. ప్రేమగానే అన్నారు. తిడితే ఎదురు చెప్పేదాన్నేమో, ప్రేమగా అనేసరికి నోరు రాలేదు. స్పైక్స్ అటకెక్కాయి.

ఐరోపావాళ్లతో మనకి పోలికేంటని మీ అధికారులు అనొచ్చు. మేరీ కోమ్‌కి 2007లో కవలలు పుట్టారు, 2008లో ప్రపంచ టైటిల్ గెలిచింది. హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా బాబు పుట్టాక 2020లో కోర్టులోకొచ్చి, వచ్చిన మొదటి టోర్నీలోనే హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ కొట్టింది. వాళ్లకి అప్పటికే పేరుంది, తిరిగొస్తామంటే తలుపు తీసేవాళ్లున్నారు. జిల్లా స్థాయిలో మూడో స్థానమో నాలుగో స్థానమో వచ్చిన పిల్లకి ఆ తలుపు ఎవరు తీస్తారు సార్?

అందుకే నేను ఇప్పుడు స్టేడియం కట్టమని అడగడం లేదు. మీ శాఖ తరఫున వెళ్లే ప్రతి ఎంపిక దరఖాస్తులో ‘గర్భధారణకి ముందు అత్యుత్తమ టైమింగ్’ అని ఒక్క గడి చేర్చండి. ప్రసవానికి పోయిన కాలాన్ని వయసు లెక్కలోంచి తీసేయమని ఆ కాగితం మీదే రాయించండి. శిబిరాల్లో పాలిచ్చే తల్లి కూర్చోవడానికి తలుపున్న గది ఒకటి, అందులో ఒక ఊయల. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. జిల్లా క్రీడాధికారులకి మీరొక సర్క్యులర్ పంపితే చాలు.

మా చిన్నాన్నగారి అమ్మాయి హర్డిల్స్ ఆడేది. పోయిన దసరాకి బాబు పుట్టాడు. మొన్న ఫోన్లో, “అక్కా, మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లనా?” అని అడిగింది. వెళ్లమన్నాను. దరఖాస్తు గురించి మాత్రం చెప్పలేదు. వచ్చే ఎంపికలు మొదలయ్యేలోపు మీ సర్క్యులర్ వస్తే, ఆ సంగతి దానికి చెప్పాల్సిన అవసరమే ఉండదు.

ఇట్లు,
మీ రాష్ట్రపు ఒకప్పటి 800 మీటర్ల రన్నర్,
ప్రాగ్ నుంచి