వలస, వైద్యం: ఒక మిత్రుడికి ఉత్తరం

ప్రియమైన మిత్రమా,

భూమి మీద జనాభా అదుపు తప్పి పెరిగిపోతోందనీ, అలా పెరిగిన జనమే సరిహద్దులు దాటి రోగాలను మోసుకొస్తున్నారనీ నీ ఉత్తరంలో రాశావు. ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోలేను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మాట నిజమే. అయితే 1950ల నాటికి ఒక్కో స్త్రీకి సగటున ఐదుగురు పిల్లలు పుట్టేవారు. నేడు ఆ సగటు 2.3కు దిగింది, దక్షిణ కొరియాలో 2023లో 0.72కు పడిపోయింది. 2024లో ఐక్యరాజ్యసమితి వేసిన అంచనా ప్రకారం 2080ల నడుమ జనాభా దాదాపు 1,030 కోట్లకు చేరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుముఖం పడుతుంది. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధైర్యం ఉన్న తల్లిదండ్రులు తక్కువమందిని కంటారు. 1990లో ఐదేళ్లు నిండకుండానే కోటీ ఇరవై లక్షలకు పైగా పిల్లలు చనిపోగా, 2022 నాటికి ఆ సంఖ్య 49 లక్షలకు తగ్గడం టీకాలు, మంచినీరు, ఓఆర్ఎస్ ద్రావణం, ఆడపిల్లల చదువు కలిసి సాధించిన ఫలితం. నా దృష్టిలో మానవజాతి చేసిన గొప్ప పనుల్లో ఇది ఒకటి, దీని గురించి మనం మాట్లాడుకునేది మాత్రం చాలా తక్కువ.

ఇక రోగాల సంగతి. తాము పుట్టిన దేశం విడిచి మరో దేశంలో నివసిస్తున్నవారు 2020 నాటికి దాదాపు 28 కోట్లు, అంటే ప్రపంచ జనాభాలో 3.6 శాతమే. వారిలో పని కోసం వెళ్లేవారు ఎక్కువగా వయసులో ఉన్నవారు, ఆరోగ్యవంతులు. జబ్బు సాధారణంగా వారితో బయలుదేరదు; దారిలోనూ, చేరిన చోట దొరికే ఇరుకు గదుల్లోనూ, పత్రాలు లేనందువల్ల ఆసుపత్రి గడప తొక్కడానికి పుట్టే భయంలోనూ మొదలవుతుంది. 2017లో మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కు పారిపోయి వచ్చిన రోహింగ్యాల శిబిరాల్లో డిఫ్తీరియా అనే గొంతు జబ్బు ప్రబలింది. స్వదేశంలో వారికి టీకాలు సరిగా అందకపోవడం, లక్షలమందిని ఒకే చోట కిక్కిరిసి ఉంచవలసి రావడం అందుకు కారణాలు; దాన్ని అదుపులోకి తేవడంలో టీకాలు వేయడం ఎంతో తోడ్పడింది. మరో సంగతి కూడా విను. 2010లో హైతీలో చెలరేగి వేలమందిని బలిగొన్న కలరా ఆ దేశానికి చేరింది పేద వలసకూలీల వల్ల కాదు, ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరం నుంచి. 2016లో ఆ సంస్థ ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు.

నిజానికి నన్ను ఎక్కువగా బాధిస్తున్నది వేరే వలస. జననాలు తగ్గి వృద్ధులు పెరిగిన సంపన్న దేశాలకు నర్సులు కావాలి, అందుకని అవి ఘనా, ఫిలిప్పీన్స్, జింబాబ్వే వంటి దేశాల వైపు చూస్తున్నాయి. ఒక పేద దేశం తన ఖజానా నుంచి ఏళ్ల తరబడి ఖర్చుపెట్టి చదివించిన నర్సు, పని నేర్చి చేతికి అందివచ్చే సమయానికి మరో దేశపు వార్డులో పనిలో చేరుతుంది. ఆమె పంపే డబ్బు ఇంటికి చేరుతుంది గానీ, ఆమెను చదివించిన ఆసుపత్రికి చేరదు. అక్కడ మిగిలినవారు ఇద్దరి పని ఒక్కరే చేస్తూ అలసిపోయి, వారు కూడా ప్రయాణానికి దరఖాస్తు పెట్టుకుంటారు. ప్రపంచ రోగభారంలో 24 శాతం మోస్తున్న ఆఫ్రికా ప్రాంతంలో ఆరోగ్య సిబ్బంది 3 శాతమే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే చెప్పింది. 2010లో దాని సభ్యదేశాలన్నీ కలిసి విదేశీ ఆరోగ్య సిబ్బంది నియామకాలకు ఒక నియమావళిని ఆమోదించాయి, 2023లో ఆ సంస్థ సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న 55 దేశాల జాబితా ఇచ్చి, అక్కడి నుంచి పనిగట్టుకుని మనుషులను తీసుకుపోవద్దని కోరింది. ఆ నియమావళి పాటించడం స్వచ్ఛందం కనుక, ఉల్లంఘించిన దేశానికి శిక్ష ఏమీ లేదు.

అలాగని నర్సులను కట్టడి చేయమని నేను అనను. తన దేశంతో సహా ఏ దేశాన్నైనా విడిచి వెళ్లే హక్కు 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన అందరికీ ఇచ్చింది, మంచి జీతం కోరుకోవడం ఆమె తప్పు కాదు. బాధ్యత ఆమెను పనిలోకి తీసుకునే దేశానిదే. ఒక నర్సును నియమించుకున్నప్పుడల్లా ఆమె స్వదేశంలో మరొకరి శిక్షణకు అయ్యే ఖర్చును ఆ దేశం చెల్లించాలి. అక్కడి నర్సింగ్ కళాశాలలో సీటుకూ, బోధకుల జీతాలకూ, ఉండిపోయినవారి వేతనానికీ ఆ డబ్బు నేరుగా వెళ్లాలి. వృద్ధాప్యం మీద పడుతున్న దేశాలు శిక్షణ మీద పెట్టవలసిన సొమ్మును ఇప్పటికే మిగుల్చుకుంటున్నాయి కనుక ఇది దానం కాదు, బాకీ తీర్చడం.

ఆ సొమ్ము ప్రభుత్వాల చేతుల్లో దారి మళ్లుతుందని నువ్వు అంటావని నాకు తెలుసు. ఆ అనుమానం న్యాయమైనదే, అందుకే అది కళాశాలల ఖాతాలకే చేరి, లెక్కలు రెండు దేశాల్లోనూ బహిరంగంగా ఉండాలంటున్నాను. ఇంతకన్నా మంచి దారి నీకు తోస్తే వివరంగా రాయి.

నీ మిత్రుడు