పన్ను పీకేముందు ఆ ఒక్క మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మే 31న పొగాకు వ్యతిరేక దినం అంటూ మీరు వేసిన పేజీ చదివాను. గుట్కా మానండి, ఖైనీ మానండి అని రాశారు, మంచిదే. మానేసి, ఆపరేషన్, రేడియేషన్ కూడా అయిపోయి, ఇక గండం గడిచిందనుకున్న మాలాంటి వాళ్ల సంగతి మాత్రం ఎవరూ రాయడం లేదు.

నేను తెనాలిలో టైలర్‌ని. కుడి బుగ్గ లోపల క్యాన్సర్ వస్తే కోసి తీసేశారు. తర్వాత ఆరు వారాల పాటు 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) రేడియేషన్ ఇచ్చారు. మూడేళ్లు బాగానే ఉన్నాను. ఆ తర్వాత కింది దవడ పన్ను ఒకటి కదిలి సలుపుతుంటే, దగ్గర్లో ఉన్న పళ్ల డాక్టరు పీకేశారు. బీపీ ఉందా, షుగర్ ఉందా అని అడిగారు. మెడ మీద కుట్ల గీత కనబడుతూనే ఉన్నా రేడియేషన్ మాట ఎత్తలేదు.

ఆ గుంట పూడలేదు. చిగురు వెనక్కి జరిగి, పసుపుపచ్చగా ఎముక బయటపడింది. నాలుక అటు వెళ్తే చాలు, గీరుకుపోయేది. కొన్నాళ్లకు దవడ కింద చర్మానికి చిల్లు పడి చీము కారడం మొదలైంది. షాపుకొచ్చిన వాళ్లకు వాసన తగలకూడదని మెడకు తువ్వాలు చుట్టుకుని, కొలతలు మా అబ్బాయి చేత తీయించేవాణ్ణి.

చూసిన ప్రతివాళ్లూ "మళ్లీ వచ్చిందా?" అనే. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ కాదని తేలింది. రేడియేషన్ వల్ల ఎముకలోని సన్న రక్తనాళాలు దెబ్బతింటాయట. అందులోనూ కింది దవడకు రక్త సరఫరా పైదవడంత ఉండదు. అలాంటి చోట పన్ను పీకితే ఎముకకు మానే శక్తి చాలక చచ్చుబడవచ్చు. దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. నోరే సరిగ్గా తెరుచుకోని మాలాంటి వాళ్లు పలకాల్సిన జబ్బుకు ఇంత పొడుగు పేరా! ఏళ్లు గడిచినా ఈ ముప్పు పూర్తిగా పోదు.

రేడియేషన్ మొదలుపెట్టక ముందే పళ్ల డాక్టరు చూసి, దవడ మొత్తం ఎక్స్‌రే తీసి, నిలబడని పళ్లుంటే అప్పుడే పీకేసి, పుండు మానడానికి రెండు వారాలైనా గడువివ్వాలట. తర్వాత లాలాజలం ఎండిపోయి పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి రోజూ ఫ్లోరైడ్ జెల్ వాడాలి. పన్ను పాడైనా, వీలైతే రూట్ కెనాల్ చేసి వేరును కదిలించకుండా వదిలేస్తారు. ఇవన్నీ నాకు ఎముక బయటపడ్డాక తెలిశాయి. డిశ్చార్జి కాగితంలో వెతికితే 'డెంటల్ కేర్' అని ఇంగ్లిష్‌లో రెండు ముక్కలున్నాయి, అంతే.

ఇప్పుడు పెంటాక్సిఫిలిన్, విటమిన్ ఈ మాత్రలు వాడుతున్నాను. మొన్నామధ్య బియ్యపుగింజంత ఎముక ముక్క దానంతటదే ఊడొచ్చింది, చీము తగ్గింది. ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ పట్టే గదిలో కూర్చోబెడితే నయమవుతుందని ఒకరు చెబితే అప్పుకు సిద్ధపడ్డాం. ఆ వైద్యంపై డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదనీ, పన్ను పీకేటప్పుడు ముందుజాగ్రత్తగా ఇస్తే లాభం కనబడలేదని 2019లో బ్రిటన్ పరిశోధన ఒకటి వచ్చిందనీ మా డాక్టరు చెప్పి ఆపారు. దవడ విరిగితే మాత్రం కాలి పక్క ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అతకాలట. మిషన్ తొక్కేవాడి కాలికే వచ్చింది చూడండి! ముందుజాగ్రత్తగా మిషన్‌కు మోటారు పెట్టించాను లెండి.

నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోవాలి. నాది నా టేపుతోనే కొలిస్తే ఇంచు. డాక్టరు సరేనన్నాక ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ల మధ్య పెట్టుకుని వ్యాయామం చేస్తున్నాను. ఒక్కో పుల్ల పెంచడానికి వారాలు పడుతోంది. దారం పంటితో కొరికే అలవాటు పోయి, మెళ్లో చిన్న కత్తెర వేలాడుతోంది. రాగి జావ, మెత్తటి పెసరపప్పు అన్నం తింటున్నాను. ఆవకాయ జాడీ తీస్తే మా ఆవిడ వంటింటి తలుపు వేసేస్తుంది.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నోటికి, మెడకు రేడియేషన్ ఇచ్చిన ప్రతి ఆసుపత్రీ తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. ఏ వైపు, ఎన్ని గ్రేలు, ఏ సంవత్సరం, పన్ను పీకేముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి ఉంటే చాలు. రేడియేషన్‌కు ముందు పళ్ల పరీక్షను ఆ చికిత్సలో భాగం చేయాలి, పేదవాడి జేబుకు వదిలేయకూడదు. పళ్ల డాక్టర్లు బీపీ, షుగర్‌తో పాటు "నోటికి గానీ మెడకు గానీ ఎప్పుడైనా కరెంటు పెట్టారా?" అని అడగాలి. రేడియేషన్ అంటే అర్థంకాని వాళ్లకు అలా అడిగితేనే తెలుస్తుంది.

మీరు ఆ ప్రశ్నను పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తే, మా ఊళ్లోని పళ్ల ఆసుపత్రులన్నిటికీ కాపీలు తీసి నేనే ఇచ్చొస్తాను.

ఇట్లు,
ఒక టైలర్,
తెనాలి