తేమ చూసే పనికీ రాతపూర్వక లెక్క ఉండాలి

సంపాదకులకు,

పరీక్షకుడంటే జవాబు పత్రాలు దిద్దే సారే గుర్తొస్తారు గానీ, బండి సామర్థ్యం చూసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, కాంటాకు ముద్ర వేసే తూనికలు కొలతల అధికారి, పత్తిలో తేమ చూసే ఉద్యోగి కూడా పరీక్షకులే. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ నిబంధన ప్రకారం తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపై 12 వరకు కోత, అది దాటితే తిరస్కరణ. నిరుడు ఒక కొనుగోలు కేంద్రంలో మా ట్రాక్టరు పైపొరలో 11 చూపిన మీటరు, మంచు పట్టిన మూలలో గుచ్చగానే 14 చూపింది. మరోచోట చూడమని బతిమాలినా వినక, ఆ ఒక్క అంకెతోనే సరుకును తిప్పి పంపారు. పదో తరగతి పిల్లలకు రీకౌంటింగు ఉంది కదా! బండికి నాలుగైదు చోట్ల తేమ చూసి, సగటును రాసి రైతు చేతికివ్వాలని, మీటరును చివరిసారి సరిచూసిన తేదీని కేంద్రంలో అందరికీ కనబడేలా పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పత్తి రైతు, పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా