క్షౌరశాల హాస్యాన్ని కూడా నిషేధించారు

సంపాదకుల వారికి నమస్కారాలు.

నిషేధానికి గురైన చలనచిత్రాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులోనివన్నీ పాలకులను నేరుగా నిలదీసిన చిత్రాలే. ఏ పాలకుడి ఊసూ లేని హాస్యకథ కూడా ప్రభుత్వానికి కంటగింపు అయిందన్న సంగతిని పాఠకులు తెలుసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

రుమేనియా నాటకకర్త కరాజాలే 1885 నాటి నాటకంలో నయే అనే క్షురకుడు ఇద్దరు స్త్రీలతో ఒకేసారి ప్రేమ నడుపుతాడు; వారి తాలూకు మగవాళ్లు అతని కోసం గాలిస్తూ, ముసుగు వేషాల సందడిలో ఒకరనుకొని మరొకరి మీద పడతారు. ఆ స్త్రీలలో ఒకరైన, ఆసిడ్ పోస్తానని బెదిరించిన మిత్సా చేతి సీసాలో ఉన్నది సిరా అని తేలుతుంది. దర్శకుడు లూచియాన్ పింతిలియే దీనిని 1981లో ‘గంటలెందుకు మోగుతున్నాయి, మితికా?’ అనే పేరుతో తెరకెక్కించారు. మితికా కరాజాలే మరొక రచనలోని పాత్ర; అందులో ఆ ప్రశ్నకు ఆయనే ఇచ్చిన జవాబు, తాడు లాగుతున్నందుకని! రుమేనియా నియంత చౌషెస్కు ప్రభుత్వం దీనిని నిషేధించింది; ఆ పాలన కూలిన తరువాత, 1990లో గానీ ఈ చిత్రం ప్రేక్షకుల ముందుకు రాలేదు. అంతకుముందు 1972లో ఇదే దర్శకుడు ఆడించిన రష్యా రచయిత గోగోల్ నాటకాన్ని మూడు ప్రదర్శనలకే ఆపించారు.

ఇది నాకు దూరదేశపు ముచ్చటగా తోచదు. కావలిలో మేము నాటకం ఆడబోతూ అనుమతి కోసం రాతప్రతి ఇస్తే, ఒక అధికారి రాజకీయ సంభాషణలన్నీ వదిలేసి, గడ్డం గీయించుకుంటూ ఇద్దరు ముసలివాళ్లు రేషను చక్కెర గురించి చెప్పుకొనే మాటలను మాత్రం ఎర్ర సిరాతో కొట్టివేశారు. ఆ కాగితం నేటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. మన దేశంలో నాటకాలపై ఆంక్షలకు పునాది వేసిన చట్టం 1876 నాటిది. కరాజాలే నాటకం కన్నా తొమ్మిదేళ్లు పెద్దది.

కరాజాలే హాస్యమంతా పాత్రల నోటి మాటలోనే ఉంది; అరకొరగా నేర్చిన పరాయి పదాలను దర్జాగా వాడి బోల్తాపడే మనుషులు వాళ్లు. గ్రాంథికంలోకి దింపితే ఆ నవ్వు చచ్చిపోతుంది. పాత్రోచిత భాష కోసం పట్టుబట్టిన వేదం వేంకటరాయశాస్త్రిగారు నాటక సమాజం నడిపిన ఊరు నెల్లూరు. కనుక ఈ నాటకాన్ని మన యాసలోనే రాయించి, నెల్లూరు పురమందిరంలోనూ ఒంగోలులోనూ ఆడించవలసిందిగా రెండు జిల్లాల నాటక సమాజాలను కోరుతున్నాను. మొదటి అంకం అనువాదం ఇప్పటికే మొదలుపెట్టాను. అడిగిన సమాజానికి ఉచితంగా ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కావలి.