తెరమీది పురోహితుడు, తెరమీది పెళ్లికొడుకు

సంపాదకులకు,

వీడియో కాల్‌లో ముహూర్తం కానిచ్చేద్దామన్న మాట కరోనా నుంచి మన సిక్కోలులోనూ వినబడుతోంది. పురోహితుడు దూరాన ఉండటం వేరు, పెళ్లికొడుకు దూరాన ఉండటం వేరు. ఈ తేడా చాలామంది పట్టించుకోరు.

1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ పురోహితుడి ఊసే ఎత్తదు. ఇరువైపుల్లో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, వధూవరులు కలిసి అగ్ని ముందు ఏడో అడుగు వేసినప్పుడే పెళ్లి పూర్తవుతుంది. జంట ఒక్కచోట ఉంటే మంత్రాలు ఫోన్లో వినిపించినా చిక్కు తక్కువే. పెళ్లికొడుకు దుబాయ్‌లో, పెళ్లిపీట టెక్కలిలో అయితే ఏడడుగులు ఎవరు వేసినట్టు? సర్టిఫికెట్ ఉందిగా అంటారు. తంతు జరగనిదే రిజిస్ట్రేషన్ ఒక్కటీ పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చేసింది. మన పెళ్లి వీడియోల్లో భోజనాలు గంటసేపు ఉంటాయి, సప్తపది అర నిమిషం ఉండదు. రేపు కోర్టులో అడిగేది ఆ అర నిమిషాన్నే.

పాస్టర్లకు ముప్పు ఇంకా ఎక్కువ. బిషప్ చేత అభిషేకం పొందినవారి సంగతి వేరు. స్వతంత్ర సంఘాల పాస్టరుకు 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉండాలి, అది ఇచ్చిన రాష్ట్రంలోనే చెల్లుతుంది. పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు, పాస్టరు కాక కనీసం ఇద్దరు సాక్షుల ఎదుట జరగాలి. చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 8.30 అంటే మనకు అప్పటికే 7. రిజిస్టరులో పాస్టరు, జంట, సాక్షులు సంతకాలు చేయాలి. తెరమీది మనిషి కలం ఎలా పడతాడు? అధికారం లేకుండా పెళ్లి చేస్తే 68వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు జైలు.

వయసు మాట మరవకూడదు. బాల్యవివాహం జరిపించినవారికి 2 ఏళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా. ఫోన్లో చూపించిన ఆధార్‌ను నమ్మి కూర్చోకుండా పదో తరగతి మార్కుల జాబితా చేతికి తీసుకుని చూడాలి.

వరుడు రాలేకపోతే ప్రత్యేక వివాహ చట్టం (మతాచారంతో పని లేకుండా అధికారి ఎదుట చేసుకునే పెళ్లి) దారి ఉంది: ఇద్దరిలో ఒకరు నోటీసు ఇచ్చే జిల్లాలో 30 రోజులు ఉండాలి, నోటీసు తర్వాత మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. అమెరికాలో ఉన్న వరుడిని వీడియోలో హాజరు కానివ్వాలని మద్రాసు హైకోర్టు 2022లో చెప్పింది గానీ, అది హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి తెచ్చుకున్న ఉత్తర్వు. మన సబ్ రిజిస్ట్రారు దాన్ని చూసి తలుపు తెరుస్తారని అనుకోవద్దు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో ఈ నిబంధనలు తెలుగులో బోర్డు మీద రాయించాలి. దరఖాస్తులో తంతు వేళకు వధువు, వరుడు, జరిపించినవారు ఎక్కడెక్కడ ఉన్నారో అడిగే గడి ఒకటి చేర్చాలి.

— ఒక న్యాయవాది, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా